మా ఊరి పార్కులో పాత ఫిరంగిని ఇనుప సామానుకు వేసేస్తారంట, ఇది ఏ ఫిరంగో ఎవరైనా చెప్పగలరా?

మామిడితోపు (చిత్తూరు):

అందరికీ నమస్కారం. నేను ఉండేది చిత్తూరులో, పుట్టి పెరిగింది మాత్రం ఇక్కడికి అరగంట దూరంలో ఉన్న ఒక చిన్న టౌన్‌లో. విషయం ఇంకా తేలలేదు కాబట్టి ఊరి పేరు ఇప్పుడే రాయడం లేదు, ఏమనుకోవద్దు. ఆ ఊరి పార్కులో గేటు దాటగానే ఎడమ పక్క చింతచెట్టు కింద ఒక ఫిరంగి ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అక్కడే ఉంది. ఆదివారం సాయంత్రం మా నాన్న పార్కుకు తీసుకుపోతే బొరుగుల పొట్లం ఒళ్లో పెట్టుకుని దాని చక్రం మీదెక్కి కూర్చునేవాణ్ణి. ఎండాకాలంలో ఆ ఇనుము తొడలకు చుర్రుమనేది, అయినా దిగేవాణ్ణి కాదు.

ఇప్పుడు పార్కును బాగు చేస్తున్నారు. చుట్టూ వాకింగ్ ట్రాక్ వేస్తారంట, వ్యాయామం చేసే మిషన్లు పెడతారంట, మంచిదే. కానీ ట్రాక్ సరిగ్గా ఆ చింతచెట్టు పక్క నుంచి పోతుంది కాబట్టి ఫిరంగిని తీసేసి విరిగిన ఉయ్యాలలు, తుప్పు పట్టిన బెంచీలతో కలిపి వేలం వేసేద్దామని అనుకుంటున్నారు. నేను పోయి అడిగాను. ఎవరూ కసురుకోలేదు, మర్యాదగానే మాట్లాడారు. కానీ అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఎవరిచ్చారు అంటే ఒక్కరికీ తెలియదు. ముందు రెండు ఇనుప పైపులు పాతి ఉన్నాయి, వాటికి ఒకప్పుడు బోర్డు ఉండేది, ఇప్పుడు పైపులే మిగిలాయి. ఏమీ తెలియని వస్తువును కాపాడమని ఏ మొహం పెట్టుకుని అడగాలో నాకు తెలియడం లేదు.

నేను చూసినంతవరకు ఆనవాళ్లు చెప్తాను. గొట్టం సుమారు ఒకటిన్నర మనిషి పొడుగు. మూతి దగ్గర టేపు పెట్టి కొలిస్తే లోపలి వెడల్పు 88 మిల్లీమీటర్లు వచ్చింది. రెండు రబ్బరు టైర్లు, రెండూ గాలి పోయి పగిలిపోయాయి. ముందు వైపు ఇనుప రేకు అడ్డంగా ఉంది. వెనక ఒకటే తోక, పెట్టె ఆకారంలో. చక్రాల కింద నేల మీద గుండ్రంగా బండి చక్రంలాంటి ఇనుప పళ్లెం, సగం మట్టిలో కూరుకుపోయింది. మొత్తానికి వెండి రంగు పెయింటు కొట్టారు, ఎన్ని పూతలో లెక్కలేదు. గొట్టంలో చిప్స్ ప్యాకెట్లు కుక్కి ఉన్నాయి, నిన్న చేత్తో తీసినన్ని తీశాను. ఫోటోలు పెడుతున్నాను, తెలిసినవాళ్లు చెప్పండి.

అలిపిరి_మెట్టు (తిరుపతి):

అన్నా, 88 అంటే జర్మనీవాళ్ల 88 అయ్యుంటుంది, రెండో ప్రపంచ యుద్ధంలో చాలా పేరున్న గన్. అది కాకపోతే బోఫోర్స్. మా ఊళ్లో ఏ ఫిరంగి బొమ్మ చూసినా బోఫోర్స్ అనే అంటారు. ఏదైనా సరే అమ్మనివ్వొద్దు.

గన్నర్_మనవడు (పుంగనూరు):

మా తాత 1968లో పద్దెనిమిదేళ్లకు ఆర్టిలరీలో, అంటే సైన్యంలో ఫిరంగుల దళంలో, చేరాడు, ట్రైనింగ్ హైదరాబాద్ గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో. మీ పోస్టు చదివి వినిపించి ఫోటోలు పెద్దవి చేసి చూపించాను. ఫోన్ నా చేతిలోంచి లాక్కున్నాడు. ఇక్కడి నుంచి ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

నాయనా, అది 25 పౌండర్. ఫోటో చూడకపోయినా చెప్పేవాణ్ణి, చక్రాల కింద గుండ్రటి పళ్లెం ఉందన్నావే, ఆ ఒక్క మాట చాలు. గన్నును ఆ పళ్లెం మీదికి ఎక్కిస్తే వెనక తోక ఎత్తి పట్టుకుని ఒక్క మనిషి చుట్టూ తిప్పేయొచ్చు. ట్యాంకు ఈ పక్క నుంచి వచ్చినా ఆ పక్క నుంచి వచ్చినా క్షణంలో మూతి అటు తిరగల్ల, అందుకోసం పెట్టింది అది. నీ టేపు తప్పు చెప్పలేదు, అసలు కొలత 87.6 మిల్లీమీటర్లు. జర్మనీ 88 వేరే గన్ను, దాని గొట్టమే దీనికి రెండింతలు ఉంటుంది. బోఫోర్స్ అయితే కానే కాదు. కార్గిల్‌లో 1999లో కొట్టిన బోఫోర్స్ 155 మిల్లీమీటర్లది, బరువు సుమారు 12 టన్నులు, అది మీ పార్కు గేటులో పట్టదు. ఇది రెండు టన్నులు కూడా ఉండదు.

దీని గుండు బరువు 25 పౌండ్లు, అంటే పదకొండు కేజీల పైన, పేరు అందుకే వచ్చింది. గుండు వేరు, మందు ఉండే ఇత్తడి కేసు వేరు. ముందు గుండును పెట్టి రామర్ కర్రతో బలంగా నెట్టాలి. గుండు నడుముకు రాగి పట్టీ ఉంటుంది, అది గొట్టంలోని గాట్లలో కరుచుకున్నప్పుడు ఠంగుమని మోగుతుంది. ఆ మోత వినబడితేనే గుండు సరిగ్గా కూర్చున్నట్టు. చీకట్లో, గోలలో, చెవులు గింగురుమంటున్నప్పుడు కూడా ఆ మోత కోసమే వినేవాళ్లం. తర్వాత ఇత్తడి కేసు. దాంట్లో మందు సంచులు మూడు ఉంటాయి, ఎరుపు, తెలుపు, నీలం. దగ్గరికి కొట్టాలంటే ఎర్రది ఉంచి మిగతా రెండూ తీసేయాలి, ఇంకొంచెం దూరానికి ఎరుపు తెలుపు, ఇంకా దూరానికి మూడూ. ఇవి కాక సూపర్ చార్జ్ అని వేరే ఉంటుంది, దాంతో 12 కిలోమీటర్ల పైన పోతుంది. తిరుపతిలో గన్ను పెట్టి కొడితే గుండు చంద్రగిరి కోట దగ్గర పడుతుందన్నమాట.

గన్నుకు ఆరుగురు మనుషులు. నంబర్ వన్ హవల్దార్, హుకుం ఆయనది. నంబర్ టూ వెనక తలుపు తీసి మూసేవాడు, గుండును లోపలికి నెట్టేదీ అతనే. నంబర్ త్రీ ఎడమ పక్క కూర్చుని గురి చూసేవాడు. నంబర్ ఫోర్ గుండు ఎత్తి పెట్టేవాడు. మిగతా ఇద్దరూ గుండ్లు, మందు సిద్ధం చేసి అందించాలి. నేను నంబర్ ఫైవ్‌గా మొదలుపెట్టి నంబర్ త్రీ దాకా వచ్చినాను. ఫోటోలో ఎడమ పక్క చిన్న సీటు విరిగిపోయి ఉందే, అదే నేను కూర్చున్న చోటు. ఈ గన్నే కాదులే, ఇట్లాంటి గన్ను.

ఇది 1940లో బ్రిటిష్ సైన్యం వాడకంలోకి వచ్చింది. మనవాళ్లు ఆఫ్రికాలో, బర్మాలో దీన్ని లాక్కుంటూ తిరిగినారు. 1942 అక్టోబర్‌లో ఈజిప్టులోని ఎల్ అలమేన్ యుద్ధంలో ఒకే రాత్రి దాదాపు 900 గన్నులు కలిసి మొదలుపెట్టినాయని మాకు ట్రైనింగ్ ఇచ్చిన ఉస్తాద్ చెప్పేవాడు, వాటిలో చాలావరకు ఇవే. స్వాతంత్ర్యం వచ్చినాక కాశ్మీర్‌లో, 1965లో, 1971లో కూడా ఇదే. ఆ తర్వాతే మన దేశంలో తయారైన 105 మిల్లీమీటర్ల ఫీల్డ్ గన్ వచ్చి మెల్లమెల్లగా దీన్ని పక్కన పెట్టినారు.

ఒక పని చెయ్యి. గన్ను వెనక భాగంలో, తలుపు చుట్టూ లావుగా ఉండే ఇనుప దిమ్మ ఉంటుంది, దాని మీద అక్షరాలు కొట్టి ఉంటాయి. వెండి రంగు మెల్లగా గీకి చూడు. సంవత్సరం దొరుకుతుంది.

(మళ్లీ మనవణ్ణి. తాత ఇంత సేపు దీని గురించి మాట్లాడటం నేను ఇదే మొదటిసారి వినడం. రామర్ కర్ర ఎట్లా పట్టుకోవాలో చేతికర్రతో చేసి చూపించాడు.)

వేపపువ్వు (తిరుపతి):

తాతగారి మాటలు చదివాను, ఆయనకు నా నమస్కారాలు. కోపం తెచ్చుకోకండి, నా మనసులో ఉన్నది చెప్తాను. నాకు ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఆరేళ్లు. ప్రకాశం పార్కుకు తీసుకుపోతే వాళ్లు ఉయ్యాల కోసం, జారుడుబండ కోసం పరిగెత్తుతారు. అలాంటి చోట మనుషుల్ని చంపడానికి చేసిన యంత్రం ఎందుకు అని నాకు అనిపిస్తుంది. పిల్లలు దాని మీదెక్కి ఢాం ఢాం అంటారు, కింద ఉన్న తమ్ముడు చచ్చిపోయినట్టు పడిపోవాలి, అదే ఆట. మామిడితోపు గారు చక్రం మీద కూర్చుని బొరుగులు తిన్నానని ప్రేమగా రాశారు, కానీ ఆ ఇనుము ఏం చేసిందో అప్పుడు మీకు ఎవరైనా చెప్పారా?

నేను ఆయుధాలే చూపించవద్దు అనడం లేదు. పోయిన వేసవిలో వైజాగ్‌లో కురుసుర జలాంతర్గామిలోకి పిల్లల్ని తీసుకువెళ్లాం. లోపల నేవీలో పనిచేసి రిటైర్ అయినవాళ్లు ఉండి ఒక్కొక్క గదీ చూపించి చెప్తారు, ఇక్కడ పడుకునేవాళ్లం, ఇక్కడ వంట చేసేవాళ్లం, నీళ్లు ఇంత పొదుపుగా వాడేవాళ్లం అని. మా అల్లరి పిల్లలు నోరు మెదపకుండా విన్నారు. బయటికి వచ్చాక పెద్దది "ఇంత ఇరుకులో ఎట్లా నిద్రపోయారమ్మా" అని అడిగింది. అదీ చూడటమంటే. బోర్డు లేకుండా, చెప్పేవాళ్లు లేకుండా, గొట్టం నిండా చిప్స్ ప్యాకెట్లతో ఉన్న ఫిరంగి వేరు. దాన్ని ఏదైనా మ్యూజియంకు ఇచ్చేస్తే నయం కదా?

చంద్రగిరి_టు_మిచిగాన్:

నేను చంద్రగిరివాణ్ణి, పదహారేళ్లుగా మిచిగాన్‌లో ఉంటున్నాను. ఇక్కడ చిన్న చిన్న ఊళ్లలో ఇది మామూలు విషయం, పార్కులోనో కోర్టు ముందో మాజీ సైనికుల భవనం ముందో ఒక ఫిరంగి ఉంటుంది. నేను రోజూ నడిచే పార్కులోనూ ఒకటుంది, 105 మిల్లీమీటర్ల హోవిట్జర్. మొదట్లో నాకూ వేపపువ్వు గారిలాగే అనిపించేది, పిల్లలు ఆడుకునే చోట ఇదేమిటి అని.

తర్వాత ఈ సంగతి కాస్త చదివాను. ఇక్కడ పనికిరాని ఫిరంగులను ఊళ్లకు, మాజీ సైనికుల సంఘాలకు ఇవ్వడానికి 1896లోనే చట్టం చేశారు. మొదట అంతర్యుద్ధం నాటివి, మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక జర్మనీ నుంచి పట్టుకొచ్చినవి పంచారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఉక్కు కావలసి వచ్చి 1942లో దేశమంతా పాత ఇనుము పోగు చేసినప్పుడు చాలా ఊళ్లు తమ ఫిరంగులను తామే కరిగించడానికి ఇచ్చేశాయి. ఇప్పుడు ఆ ఊళ్లలో ఖాళీ దిమ్మెలు మిగిలాయి. ఈనాటికీ సైన్యం వాడేసిన గన్నులను ఇస్తూనే ఉంది, ఆ పని చూసే ఆఫీసు మా పక్కనే వారెన్‌లో ఉంది. అయితే ఊరికే ఇచ్చేయరు. తీసుకున్నవాళ్లు దాన్ని అమ్మకూడదు, వేరేవాళ్లకు ఇవ్వకూడదు, బాగా ఉంచాలి, ఉంచామని ఫోటోలతో సహా ఎప్పటికప్పుడు తెలపాలి, వద్దనుకుంటే సైన్యానికి చెప్పి వాళ్లు చెప్పినట్టే చేయాలి. మీ ఊరి ఫిరంగికీ అలాంటి షరతులు ఏమైనా ఉన్నాయేమో, వేలానికి ముందు అది తేల్చుకోండి.

ఇంకో మాట. మా పార్కులో గన్ను ముందు నల్లరాయి మీద ఆ ఊరి నుంచి యుద్ధాలకు పోయి తిరిగి రానివాళ్ల పేర్లు చెక్కారు. చలికాలంలో ఒకరోజు మంచు తుడిచి చదివితే మా పక్కింటి పెద్దాయన ఇంటిపేరు కనబడింది. అడిగితే మా అన్న అన్నాడు. అన్నేళ్లు పక్కపక్కన ఉండి మాకు ఆ సంగతి తెలియదు. అప్పటి నుంచి ఆ గన్ను పక్క నుంచి ఊరికే నడిచి పోలేకపోతున్నాను. మ్యూజియంకు ఇవ్వడం తప్పు అనను గానీ, అక్కడ అది వందలో ఒకటవుతుంది, మీ ఊరిది కాకుండా పోతుంది.

పాత_గుమాస్తా (చిత్తూరు):

మునిసిపల్ ఆఫీసులో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైర్ అయినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను బాబూ. నోటితో అడిగితే ఎవరూ చెప్పలేరు, వాళ్ల తప్పు కాదు, ఇప్పుడున్నవాళ్లు పుట్టకముందు సంగతి. సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు పెట్టు, ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఫిరంగి గురించి వివరాలు ఇవ్వండి అని గాలిలో అడగొద్దు. కాగితాల పేర్లు పెట్టి అడుగు. ఫలానా పార్కులోని ఫిరంగిని స్వీకరించినప్పటి కౌన్సిల్ తీర్మానం నకలు, సైన్యం నుంచి వచ్చిన ఉత్తరం నకలు, స్టాక్ రిజిస్టర్‌లో ఆ వస్తువు నమోదైన పేజీ నకలు, వేలానికి సంబంధించిన ఫైలు నకలు. రిజిస్టర్‌లో అది ఎక్కి ఉంటే కొట్టివేయడానికి ఒక పద్ధతి ఉంటుంది, అది జరగకుండా తూకానికి వేయడానికి లేదు.

దాంతోపాటు చిత్తూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, అక్కడికి ఒక అర్జీ పట్టుకుని స్వయంగా పో. ఊళ్లోని మాజీ సైనికులను నలుగురిని వెంట తీసుకుపో. ఒక్కడివే పోతే అర్జీ అవుతుంది, నలుగురితో పోతే మాట అవుతుంది.

లారీ_షెడ్డు (తిరుపతి, రేణిగుంట రోడ్డు):

లారీ బాడీలు కట్టే పని మాది, తుప్పు గురించి నాకు తెలిసింది చెప్తా. అన్నా, ముందు ఆ వెండి రంగు పొడిగా ఉప్పు కాగితం పెట్టి రుద్దొద్దు. పాత పెయింటులో సీసం ఉంటుంది, ఆ దుమ్ము ముక్కులోకి పోతే మంచిది కాదు, పిల్లలకు ఇంకా ప్రమాదం. తడిపి గీకాలి, మూతికి మాస్కు కట్టుకోవాలి, గీకిన పెచ్చులన్నీ గోనె మీద పడేట్టు చూసి మూటకట్టి తీసేయాలి. అక్షరాలు ఉన్నచోట గ్రైండర్ పెట్టనే పెట్టొద్దు, ఒక్క నిమిషంలో అక్షరాలు పోతాయి. పెయింటు రిమూవర్ పూసి పది నిమిషాలు ఆగి ప్లాస్టిక్ ముక్కతో నెట్టాలి.

గొట్టంలో నీళ్లు నిలవడమే అసలు రోగం. మీ ఫోటోలో మూతి పైకి ఉంది, పడిన వాన మొత్తం లోపలికే పోతుంది. కార్తీకం వానల్లో బిందెలకు బిందెలు దిగి ఉంటాయి. లోపల శుభ్రం చేసి, ఆరబెట్టి, మూతికి బిగుతుగా మూత పెట్టి, అడుగున నీరు కారిపోయే దారి ఉంచాలి. టైర్లు ఎట్లాగూ పోయాయి, ఇరుసు కింద రెండు ఇనుప స్టాండ్లు పెట్టి బరువు వాటి మీదికి ఎత్తితే చక్రాలు ఒరిగిపోవు. చాలా చోట్ల చక్రాలను సగం దాకా సిమెంటులో పాతేస్తారు, గట్టిగా ఉంటుందని. అది చాలా తప్పు, సిమెంటుకు ఇనుముకు మధ్య సందులో తడి దిగి లోపల్లోపల తినేస్తుంది. జానెడు ఎత్తు దిమ్మె కట్టి, నీరు జారేట్టు కొంచెం వాలు పెట్టి, దాని మీద నిలబెట్టండి చాలు. పెయింటు సంక్రాంతి తర్వాత వెయ్యండి, గాలిలో తేమ తగ్గుతుంది. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ రెండు పూతలు, పైన మిలిటరీ ఆకుపచ్చ. వెండి రంగు వద్దే వద్దు. స్టాండ్లు, మూత మా షెడ్డులో చేయించి నేనే తెచ్చి బిగిస్తా, కూలి అడగను. మా పెదనాన్న సైన్యంలో సాపర్స్‌లో, అంటే ఇంజనీరింగ్ దళంలో, పనిచేశాడు.

గన్నర్_మనవడు (పుంగనూరు):

వేపపువ్వు గారికి తాత జవాబు చెప్పమన్నాడు. మళ్లీ ఆయన మాటలే.

అమ్మా, నువ్వు చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. పిల్లోళ్లు దాని మీదెక్కి ఢాం ఢాం అంటే నాకూ నచ్చదు. 1971 డిసెంబర్‌లో మేము పశ్చిమం వైపు ఉన్నాం. యుద్ధం మొదలైన అయిదో రాత్రో ఆరో రాత్రో, అవతల నుంచి వచ్చిన గుండు మా గన్నుకు పదడుగుల దూరంలో పడింది. మా నంబర్ ఫోర్ తమిళబ్బాయి, వేలూరు పక్క. చిత్తూరు యాసలో నేను తమిళం మాట్లాడితే నవ్వేవాడు. అప్పుడే గుండు ఎత్తుకుని లేచినాడు, మళ్లీ కూర్చోలేదు. ఆ గుండు నేను అందుకుని పెట్టినాను. నంబర్ టూ నెట్టినాడు. ఠంగుమంది. ఆ రాత్రి తెల్లారేదాకా కొడుతూనే ఉన్నాం, అతన్ని పక్కకు తీసి దుప్పటి కప్పింది కూడా ఎవరో నాకు తెలియదు.

బర్మా యుద్ధంలో ఉమ్రావ్ సింగ్ అని ఒక హవల్దార్ ఉండేవాడు, 1944 డిసెంబర్‌లో కలాదాన్ లోయలో. జపానువాళ్లు గన్నుల మీదికి వచ్చి పడితే గుండ్లు అయిపోయినాక ఇనుప కడ్డీ తీసుకుని కొట్లాడినాడు. తెల్లారి చూస్తే ఒంటి మీద ఏడు గాయాలతో గన్ను పక్కన స్పృహ లేకుండా పడి ఉన్నాడు, గన్ను మాత్రం ఇంకా పని చేస్తా ఉంది. బతికినాడు, విక్టోరియా క్రాస్ ఇచ్చినారు. మాకు ట్రైనింగ్‌లో మొదటి వారమే ఈ సంగతి చెప్పేవాళ్లు. గన్నర్‌కు గన్నే జెండా, దాన్ని వదిలిపెట్టకూడదని నేర్పిస్తారు. అట్లాంటిదాన్ని చిప్స్ ప్యాకెట్లతో నింపి తూకానికి వేస్తామంటే నాకు కడుపులో దేవినట్టయింది, అంతే తల్లీ, యుద్ధం మీద ఇష్టంతో కాదు. పిల్లోళ్లకు చెప్పేవాళ్లు కావాలన్నావు గదా. నేను వస్తాను. పుంగనూరు నుంచి బస్సెక్కితే ఎంతసేపు. కుర్చీ ఒకటి వేస్తే చాలు.

వేపపువ్వు (తిరుపతి):

తాతగారూ, మీరు వస్తానంటే నేను పిల్లల్ని తీసుకుని తిరుపతి నుంచి వస్తాను. మీకు క్యారియర్ కట్టుకొస్తాను. చిన్న కంచె కట్టి, పైకెక్కకుండా చేసి, పక్కన బోర్డు పెడితే నాకు అభ్యంతరం లేదు. బోర్డు మీద మీ వేలూరు అబ్బాయి సంగతి కూడా రాయండి.

చరిత్ర_పంతులు (తిరుపతి):

ఒక చిన్న సంగతి. 1782 డిసెంబర్ 7న హైదర్ అలీ చనిపోయింది మన చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట దగ్గరి దండులోనే. ఎన్ని ఫిరంగులు ఈ దారుల్లో ఎడ్లతో లాగించి ఉంటారో. మా క్లాసులో ఆ మాట చెప్తే "ఎక్కడ సార్, చూపించండి" అంటారు పిల్లలు, చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అలాగే 1971 విజయానికి యాభై ఏళ్లు అని ఊరూరా తిప్పిన విజయ జ్వాల 2021 ఫిబ్రవరిలో తిరుపతికి వచ్చినప్పుడు, 1971 యుద్ధంలో మహావీర చక్ర అందుకున్న మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ గారిని సన్మానించారు. అంతవరకు ఆయన మన ఊళ్లోనే ఉంటారని మా స్కూలు పిల్లల్లో చాలామందికి తెలియదు. మామిడితోపు గారూ, బోర్డు రాయడానికి తెలుగు సరిచూసి పెట్టే పని నాకివ్వండి. నాలుగు వాక్యాలు మించకూడదు, పెద్ద అక్షరాలు ఉండాలి, పదేళ్ల పిల్లవాడు నిలబడి చదవగలగాలి.

మామిడితోపు (చిత్తూరు), పదకొండు రోజుల తర్వాత:

ఇన్ని రోజులు రాయనందుకు క్షమించండి, తిరగడంతోనే సరిపోయింది. అందరికీ చెప్పవలసినవి చాలా ఉన్నాయి.

ముందు తాతగారికి. లారీ షెడ్డు అన్న చెప్పినట్టే రిమూవర్ పూసి ఆగి ప్లాస్టిక్ స్కేలుతో నెట్టాను. వెండి రంగు పొర కింద పచ్చ, దాని కింద ఇంకో వెండి, దాని కింద ముదురు ఆకుపచ్చ, దాని కింద ఇనుము. గంటన్నర పట్టింది. మొదట ఒక బాణం గుర్తు తేలింది, మూడు గీతలు ఒకచోట కలిసినట్టు. తర్వాత ఓ.ఆర్.డి., క్యూ.ఎఫ్., 25 అనే అంకె, చివర పి.ఆర్. దాని కింద వరసలో 1942. నా వేలు పెట్టి తడిమాను, అంకెలు ఇంకా పదునుగానే ఉన్నాయి. బాణం గుర్తు బ్రిటిష్ ప్రభుత్వం సొత్తు అని వేసేదంట, ఓ.ఆర్.డి. అంటే ఫిరంగి, క్యూ.ఎఫ్. అంటే వేగంగా కాల్చేది, పి.ఆర్. అంటే పౌండర్ అని. ఎనభై ఏళ్లు దాటిన వస్తువు మీద అంకె చూసి ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి.

సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను, గుమాస్తా గారు చెప్పిన మాటలతోనే. జవాబు రావడానికి టైం ఉంది. ఈలోపు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఏడుగురం పోయాం. వాళ్లు అర్జీ తీసుకుని స్టాంపు వేసి నకలు ఇచ్చారు. ఆ నకలు తీసుకుపోయి పార్కు పని చూసే ఇంజనీరు గారికి ఇస్తే, జవాబు వచ్చేదాకా వేలం జాబితాలోంచి తీసి పక్కన పెడతామన్నారు. ట్రాక్‌ను చింతచెట్టుకు అవతలి పక్క నుంచి మూడడుగులు వంచితే సరిపోతుందని మేస్త్రీయే సుద్ద గీసి చూపించాడు. కాగితం మీద రానంతవరకు నాకు టెన్షన్ తగ్గదు, కానీ సుద్ద గీత అయితే ఇప్పటికీ ఉంది.

అసలు విషయం ఇంకొకటి. మా వీధిలో ఉండే ఒక అవ్వ నేను ఫిరంగి కోసం తిరుగుతున్నానని విని ఇంటికి పిలిచింది. ట్రంకు పెట్టెలోంచి ఒక ఫోటో తీసింది, నలుపు తెలుపు, మూలలు విరిగిపోయి ఉన్నాయి. ఫిరంగి కొత్తగా పెట్టిన రోజుది. పక్కన చింతచెట్టు మనిషి ఎత్తు కూడా లేదు. ముందు వరసలో యూనిఫాంలో ఒకాయన నిలబడి ఉన్నాడు, వాళ్లాయనే. ఆయన వెనక ఆ రెండు పైపులకు బోర్డు ఉంది. భూతద్దం పెట్టి చూస్తే పై వరస చదవగలిగాను, "మన ఊరి నుండి సైన్యమున చేరిన వారి" అని ఉంది. కింద రెండు వరసల నిండా పేర్లు, అక్షరాలు అలుక్కుపోయాయి, ఒక్కటీ తెలియడం లేదు. అన్నేళ్లు దాని మీద కూర్చుని బొరుగులు తిన్నాను, ఆ బోర్డు మీద మా ఊరివాళ్ల పేర్లు ఉండేవని మా నాన్న కూడా ఎప్పుడూ చెప్పలేదు. బహుశా ఆయనకూ గుర్తు లేదేమో. వేపపువ్వు గారూ, మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు అదే. లేదు, నాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ పేర్లు వెతుకుతున్నాను. ఇల్లిల్లూ తిరిగి పెన్షన్ పుస్తకాలు, డిశ్చార్జి కాగితాలు, గోడ మీద పటాలు చూస్తున్నాను. ఇప్పటికి పదకొండు దొరికాయి. అందులో ఒకాయన రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా పోయి తిరిగొచ్చి మా స్కూలు ముందు టీ అంగడి పెట్టుకున్నాడంట, ఆ టీ నేను తాగాను కూడా. ఫోటోలో వరసల పొడుగు చూస్తే ఇంకో పదిహేనో ఇరవయ్యో ఉండాలి. చిత్తూరు పక్క మా టౌన్ ఏదో మీలో కొందరు ఈపాటికి కనిపెట్టి ఉంటారు. మీ ఇంట్లో తాతో మేనమామో ఈ పక్క నుంచి సైన్యంలో చేరి ఉంటే, 1971కి ముందువాళ్లయితే ముఖ్యంగా, పేరు, చేరిన సంవత్సరం ఇక్కడ పెట్టొద్దు, నాకు విడిగా మెసేజ్ పెట్టండి. కాగితం ఫోటో ఉంటే ఇంకా మంచిది.

పంతులుగారూ, పేర్లు పట్టాలంటే నాలుగు వాక్యాల బోర్డు చాలదు, రెండు బోర్డులు చేయిద్దాం. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి గొట్టం శుభ్రం చేస్తున్నాం. పొడుగు కర్రకు గుడ్డ కట్టి తెచ్చుకోండి, మాస్కులు నేను తెస్తాను. తాతగారికి కుర్చీ అవ్వ వాళ్లింటి నుంచి వస్తుంది.